రఘుపతి నేసిన సిపాయి

డిసెంబరు కార్యక్రమం మీద మా హెడ్మాస్టరు గారు పై ఆఫీసుకు పంపిన రిపోర్టులో ఒక వాక్యం ఉంది. "విద్యార్థుల చిత్రాన్ని స్థానిక కార్మికుడొకరు బట్టపై నేసి సహకరించారు." ఆ ముక్క చదివినప్పటి నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది. ఆ 'ఒకరి'కి పేరుంది, ఊరుంది, తల్లీతండ్రీ ఉన్నారు. పై ఆఫీసువాళ్ళకు అక్కర్లేకపోతే పోనీ, నాకు అక్కర ఉంది కాబట్టి రాస్తున్నాను.

అతని పేరు రఘుపతి. సిరిసిల్ల దగ్గరి పల్లెలో సాలెల ఇంట పుట్టి, మీసాలు రాకముందే సూరత్ రైలెక్కినవాడు. ఉండేది సూరత్‌లోని నవాగామ్‌లో, మేడ మీద ఒక గది. గది ముందు పొడుగాటి వరండా. చేసే పని జకార్డు అట్టలు కొట్టడం. చీర మీద మామిడిపిందెను గానీ నెమలిని గానీ మగ్గం తనంతట తాను నేయలేదు కదా. డిజైనును ముందు చిన్న చిన్న గడులున్న గ్రాఫ్ కాగితం మీదికి దించాలి. ఏ గడిలో రంగు ఉంటే అట్టకు ఆ చోట బెజ్జం పడాలి. అలా బెజ్జాలు కొట్టిన అట్టలను దండలా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, వాటిని బట్టి పడుగు దారాలు లేచి దిగుతూ బట్ట మీద నెమలి తయారవుతుంది. ఇప్పుడు ఈ పని చాలాచోట్ల కంప్యూటర్లే చేసేస్తున్నాయి. పాత మగ్గాలను వదలని సేఠ్‌లు కొందరు ఇంకా మిగిలారు గనక రఘుపతికీ, అతని పాత మిషనుకూ ఇంకా పని దొరుకుతోంది.

మనిషి మాటకారి కాడు. "ఎట్లున్నవన్నా" అంటే "ఉన్న మేడం" అంటాడు, అంతటితో ఆ రోజు కోటా అయిపోతుంది. ఇంట్లో మాట్లాడే పని భార్య వజ్రమ్మది. ఆమె చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తూ పొద్దంతా మాట్లాడుతూనే ఉంటుంది, కత్తెరా నోరూ రెంటిలో ఏది ముందు అరుగుతుందో తెలియదు. ఇక రఘుపతి తల్లి గంగవ్వ. డెబ్బై దాటిన మనిషి, నుదుట బొట్టు లేదు, చేతికి ఒక్క వెండి కడియం. వాడకంతా ఆమె అమ్మమ్మే.

నేను ఆ వాడ పిల్లలు చదివే మునిసిపల్ బడిలో తెలుగు మీడియం టీచర్ని. మాది జగిత్యాల. మా బడిలో పిల్లల తండ్రులంతా మగ్గాల మీదివాళ్ళే. అయినా కరోనా రాకపోతే రఘుపతి గది మెట్లు నేను ఎక్కేదాన్ని కాదు.

రెండువేల ఇరవై మార్చిలో మగ్గాలు ఆగిపోయాయి. పగలూ రాత్రీ టకటకలాడే నవాగామ్‌కు ఒక్కసారిగా నోరు పడిపోయింది. సగం మంది దొరికిన బండి పట్టుకుని ఊళ్ళకు పోయారు. బడి మూసేశారు. పాఠాలు ఫోనులో పంపమన్నారు. ఇంటికి ఒక ఫోను, ఆ ఫోను తండ్రి జేబులో, తండ్రి ఎక్కడో ఊరి దారిలో. ఇక ఎవరికి పంపను పాఠాలు? కొన్నాళ్ళకు ఇళ్ళకు పంచమని పుస్తకాలు వస్తే, వాటిని సంచిలో వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని గల్లీ గల్లీ తిరిగాను. అప్పుడు కనిపించారు మా పిల్లలు, రఘుపతి వరండాలో, ఒకరికొకరు దూరంగా కూర్చుని, బొమ్మలు వేసుకుంటూ. పాడైపోయిన గ్రాఫ్ కాగితాలన్నీ అతను వాళ్ళకు పంచిపెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. "రఘుపతన్నా, పిల్లల్ని గిట్ల జమ చేస్తే పోలీసోళ్ళు ఊకుంటరా?" అన్నాను.

"దూరం దూరం కూసోబెట్టిన మేడం. ఇంట్ల ఉంటే తన్నుకుంటున్నరు" అన్నాడు. అతని నోట అంత పొడుగు మాట నేను వినడం అదే మొదలు.

ఏం నేర్పుతున్నాడని చూశాను. నేర్పేదేమీ లేదు, ఒక్కటే షరతు. ఒక గడిలో ఒకటే రంగు, గడి దాటి పోకూడదు. అంతే. పిల్లలు కోళ్ళను వేశారు, ఆటోలను వేశారు, లాఠీ పట్టుకున్న పోలీసులను వేశారు. మనుషులందరి మొహాలకూ మాస్కులే. ఈ తరానికి ముక్కు వేయడం రాకుండా పోతుందేమోనని నాకు బెంగ పట్టుకుంది. జమున అనే పిల్ల ఒక్కతి మాత్రం మాస్కు కింద ముక్కు ఎత్తు కూడా తెలిసేలా వేసింది. మగ్గం నడిపే దేవదాస్ కూతురు. అప్పటికి ఐదు పూర్తయి ఆరులోకి వచ్చింది. ఆ బడి లేని కాలమంతా ఆ పిల్లకు బడి ఆ వరండాయే.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో గంగవ్వకు కరోనా సోకింది. ఆ రోజుల్లో సూరత్ ఎట్లా ఉండేదో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో మంచం దొరికేవరకు రఘుపతి తల్లిని ఆటోలోనే పెట్టుకుని తిరిగాడు. దొరికాక లోపలికి రానివ్వలేదు, గేటు ఎదుట ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. గంగవ్వ గట్టి పిండం, బతికి బయటపడింది. ఇంటికి వచ్చేసరికి మనిషి సగమైంది. కానీ అంతకు ముందు ఎన్నడూ ఎత్తని మాట అప్పటి నుంచి ఎత్తడం మొదలుపెట్టింది. అది తన పెనిమిటి మాట.

అప్పుడే నాకూ తెలిసింది, రఘుపతి తండ్రి సోమలింగం ఫౌజులో సిపాయి అని, డెబ్బై ఒకటి యుద్ధంలో పడమటి సరిహద్దు మీద చనిపోయాడని. అప్పటికి రఘుపతి పాలు తాగే పిల్లవాడు.

"ఆస్పత్రిల నా పక్కపొంటి ఎందరో పోయిర్రు టీచరమ్మా" అంది గంగవ్వ ఒకరోజు నాతో. "ఎవలు ఎవలో గూడ తెల్వకుంట తీస్కపోయిర్రు. గప్పుడు అనిపిచ్చింది. నేను పోతే ఆయన్ని యాది చేసేటోళ్ళు ఎవలున్నరు? అగో ఈనికి తండ్రి తెల్వనే తెల్వదు."

రఘుపతి తల దించుకుని అట్టలు కొట్టుకుంటున్నాడు. అక్కడినుంచే అన్నాడు. "నాకు బాపు అంటే ఒక ఫొటోనే మేడం. మేం అప్పుడు కాడీ పక్కన కింది ఇంట్ల ఉంటుంటిమి. రెండువేల ఆరు వరదల ఆ ఫొటో గూడ పాయె."

కాడీ అంటే ఇక్కడి మురుగు వాగు. ఆ ఏడు అది ఇళ్ళలోకి వచ్చి ఎందరి పెళ్ళి ఫొటోలను కడిగేసిందో లెక్కలేదు. ఆ తల్లీకొడుకుల దగ్గర సోమలింగం తాలూకు మొహం అదొక్కటే ఉండేది.

సెప్టెంబరులో పెద్ద తరగతులకు బడి తెరిచారు. జమున ఏడులో కూర్చుంది. నవంబరులో పైనుంచి కబురు వచ్చింది. యుద్ధం గెలిచి యాభై ఏళ్ళయిన సందర్భంగా పిల్లల చేత కవితలు రాయించాలి, బొమ్మలు వేయించాలి, డిసెంబరు పదహారో తేదీన రిటైరైన సైనికులను పిలిచి సభ చేయాలి అని. సరేనని పిల్లలకు చెప్పాను. మర్నాడు తెచ్చిన కవితలు చూస్తే నా తల తిరిగింది. అందరూ భరతమాత ముద్దుబిడ్డలే, అందరూ రక్తపు చుక్క చుక్కతో ఏదో ఒకటి రాసేవాళ్ళే. ఒకడి బొమ్మలో యుద్ధ ట్యాంకుకు రెక్కలు కూడా మొలిచాయి.

"మీలో ఎవరన్నా ఒక్క సిపాయిని ఎరుగుదురా?" అని గద్దించాను. జమున ఒక్కతే చెయ్యెత్తింది.

"టీచర్, రఘుపతి కాకా వాళ్ళ బాపు ఫౌజీ. అమ్మమ్మకు మస్తు ముచ్చట్లు తెల్సు."

ఆ సాయంత్రం పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఆ వరండాకే పోయాను. గంగవ్వను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నేను యుద్ధం గురించి అడగబోయాను. ఆమెకు యుద్ధం గురించి ఏం తెలుసు? పిల్లలే నయం, అడగాల్సినవి అడిగారు. తాతకు ఏం కూర ఇష్టం? కోపం వస్తే ఏం చేసేవాడు? దేనికన్నా భయపడేవాడా?

గంగవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది. "బర్రెకు భయపడుతుండె. ఎదురుంగ బర్రె అస్తే తొవ్వ ఇడిచి పొలంలకు దిగుతుండె. మగ్గం మీద నాడె ఆడిచ్చే సాలెపిలగాడు తుపాకి ఏం పడుతడని ఊరంత నవ్విర్రు. కాళ్ళు చూస్తే ఇంత పొడుగు. సిరిసిల్ల అంగట్ల ఆయన కాలుకు చెప్పే దొరకకపోతుండె. ఫౌజుల బూట్లు ఇచ్చిర్రని సుట్టికి అచ్చినప్పుడు నెత్తి కాడ పెట్టుకుని పండుకున్నడు."

పిల్లలు విరగబడి నవ్వారు. "లాస్టుకు పోయేటప్పుడు ఏమన్నడు అమ్మమ్మా?" అని జమున అడిగింది.

"నాకు సెలూట్ కొట్టిండు" అంది గంగవ్వ. అంతలోనే మంచినీళ్ళు అడిగి, చెంబు పట్టుకుని లోపలికి పోయింది. ముసలామె అలసిపోయిందనుకుని పిల్లలను లేపాను.

వారం తిరిగేసరికి పిల్లలంతా కలిసి ఒక కవిత కట్టారు. నేను ఒక్క మాట ముట్టుకోలేదు.

నాడె పట్టిన చెయ్యి
తుపాకి పట్టింది.
అంగట్ల చెప్పు దొరకని కాలు
సరిహద్దు దాక నడిచింది.
బర్రెకు భయపడ్డ తాత
బాంబుకు భయపడలే.
బూట్లు నెత్తి కాడ పెట్టుకుని
ఇంక అక్కడనే పండుకున్నడు.

చదివి నవ్వాను, చివరికి వచ్చేసరికి కొంగు వెతుక్కున్నాను. మా హెడ్మాస్టరు భుజంగరావు గారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని, "అంతా బాగుంది గానీ విజయరాణి గారూ, అమరవీరుడి కవితలో ఈ గేదె ఎందుకండీ?" అన్నారు. ఆయనది తెనాలి వైపు. మంచివారే, పైవాళ్ళంటే కాస్త బెదురు. "బర్రె పోతే కవితే పోతుంది సార్, అది ఉండాల్సిందే" అన్నాను. నా గొంతు విని ఆయన ఇక గేదె జోలికి రాలేదు.

బొమ్మ జమున వేసింది, రఘుపతి ఇచ్చిన కొత్త గ్రాఫ్ కాగితం మీద, గడి గడీ నింపుతూ. నిలబడి సెల్యూట్ చేస్తున్న సిపాయి. మొహం దగ్గరికి వచ్చేసరికి తల్లీకొడుకులు ఇద్దరూ రెండు పక్కల కూర్చున్నారు. ముక్కు ఇంకా పొడుగని ఒకరు, చెవులు దూరమని ఒకరు. గడ్డం ఎట్లా ఉండేదో చెప్పలేక గంగవ్వ కొడుకు గడ్డం పట్టుకుని "గిదే, గిట్లనే" అంది. జమున అతని మొహం చూసి గడ్డం వేసింది. బొమ్మ పూర్తయ్యాక రఘుపతి దాన్ని చాలాసేపు చూశాడు.

"దీన్ని నేస్త మేడం" అన్నాడు.

అతను ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాడు. అలాంటివాడు సేఠ్ దగ్గరికి పోయి మగ్గం అడిగాడు. మగ్గానికి పడుగు చుట్టిన బీము ఉంటుంది. ఒక బీము అయిపోయి కొత్తది ఎక్కేలోపు చివర కొంచెం పడుగు మిగులుతుంది. ఆకుపచ్చ పడుగు, ఒక్క బొమ్మకు సరిపోయేంత. అది వాడుకోమన్నాడు సేఠ్. రఘుపతి రోజూ పని అయ్యాక కూర్చుని అట్టలన్నీ కొట్టాడు. నేసే రోజున నన్నూ పిల్లలనూ కారఖానాకు పిలిచాడు. ముందు బూట్లు వచ్చాయి. వాటి పొడుగు చూసి పిల్లలు మగ్గం చప్పుడును మించి అరిచారు. తర్వాత మోకాళ్ళు, బెల్టు, గుండీలు, చివరికి కణతకు ఆనించిన కుడిచెయ్యి. బట్ట మీద దారాలు జుట్టు విరబోసుకున్నట్టు వేలాడుతున్నాయి. అయినా వాటి మధ్య నుంచి మొహం కనబడుతూనే ఉంది.

ఆ రోజు రఘుపతి మాట్లాడిన మాటలు అతని జన్మలో మాట్లాడి ఉండడు. "చూసినవా మేడం, మా బాపు గుండీలు! ముప్పై ఏండ్ల సంది మంది చీరలకు నెమళ్ళు కొట్టిన. గియ్యాల మా బాపును కొట్టిన!" అని మగ్గం చుట్టూ తిరిగాడు. సేఠ్ కూడా వచ్చి చూసి, "వాహ్ రఘు" అని భుజం తట్టి పోయాడు.

బట్ట కోసి ఇంటికి తెచ్చాం. సభ మర్నాడే. దారాలు కత్తిరించడానికి వజ్రమ్మ కత్తెర పట్టుకుని వరండాలో చాప పరిచింది. కత్తిరించేముందు కింద ఉన్న అసలు వైపు ఎట్లా పడిందో చూద్దామని బట్టను తిరగేసింది. నున్నగా, దారం ముక్క లేకుండా, బంగారు రంగులో సిపాయి మెరిసిపోయాడు. పిల్లలంతా "ఆహా" అన్నారు. జమున మాత్రం అనలేదు.

"కాకా, చెయ్యి మారింది" అంది.

సిపాయి ఎడమచేత్తో సెల్యూట్ చేస్తున్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. రఘుపతికి ఒక్క క్షణంలో అర్థమైంది, చాప మీద చతికిలబడ్డాడు. బట్టను మగ్గం మీద అసలు వైపు కిందికి ఉంచి నేస్తారు. పైన మనకు కనబడేది వీపు. మగ్గం మీద కుడిగా కనిపించింది తిరగేస్తే ఎడమ అవుతుంది. అందుకు అట్టలను మొదటే తిప్పి కొట్టాలి.

"తిప్పి కొట్టాలె. కొట్టలే" అన్నాడు. "ముప్పై ఏండ్ల సంది కొడుతున్న. ఎన్నడన్న అక్కర పడ్డదా? మామిడిపిందెకు ఎడమేంది, కుడేంది?"

నిజమే. పిందె ఎటు తిరిగినా పిందే, తీగ ఎటు పాకినా తీగే. ఏ చీరా అతన్ని ఆ ప్రశ్న అడగలేదు.

వెనకవైపే చూపిస్తే సరిపోదా అని అడిగాను. వజ్రమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ దారాలు ఉంచితే బొమ్మ గడ్డిలో పడుకున్నట్టు ఉంటుంది, కత్తిరిస్తే ఆ వైపు మొహం మిగలదు. మళ్ళీ నేద్దామంటే పడుగు లేదు, మగ్గానికి అప్పటికే కొత్త బీము ఎక్కించారు.

రఘుపతి బట్టను మడతపెట్టడం మొదలుపెట్టాడు. "పొద్దుగాల ఫౌజోళ్ళు అస్తరు మేడం. ఎడమచేత్తోని సెలూట్ కొట్టే సిపాయిని సూసి ఏమంటరు? నా చేతులతోని నేనే మా బాపు ఇజ్జత్ తీసిన. జమున కాయిదం బొమ్మనే పెట్టురి. ఇది ఎవలికి సూపియ్యద్దు. అవ్వకైతె అసలే సూపియ్యద్దు."

జమున వెక్కి వెక్కి ఏడుస్తోంది. అంతలో గది గుమ్మంలో గంగవ్వ నిలబడి ఉంది, రెండు చేతులతో తలుపు పట్టుకుని.

"ఏందిర లొల్లి? మీ బాపును తెచ్చినవట గద, నాకు సూపియ్యవా?"

"రేపు సూద్దువు అవ్వా."

"రేపటికి నేనుంటనో లేనో. తియ్యి."

తల్లి మాట కాదనలేక మళ్ళీ విప్పాడు. గంగవ్వ మెల్లగా చాప మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, బూట్ల దగ్గర నుంచి పైకి చూసుకుంటూ వచ్చింది. చెయ్యి దగ్గర ఆగింది. ఆమె మొహంలో రంగు పోయింది. ఆమె వేలు ఆ ఎడమచెయ్యి మీద పెట్టింది, తీయలేదు.

"నీకెవలు చెప్పిర్రు?" అంది కొడుకుతో.

"ఏంది అవ్వా?"

"ఎడమచెయ్యి అని ఎవలు చెప్పిర్రు? నేను ఎవలికి చెప్పలే గద."

రఘుపతి, అట్టలు తిప్పకుండా కొట్టానని, తప్పు తనదేనని గొణిగాడు. గంగవ్వ అదేమీ వినలేదు. బొమ్మను చూస్తూ, బొమ్మకే చెబుతున్నట్టుగా చెప్పుకుపోయింది.

"దసరకు సుట్టి మీద అచ్చిండు. బతుకమ్మ నిమజ్జనం గూడ కాలే, తారొచ్చింది, జల్ది రమ్మని. తెల్లారి బస్సుకు సాగనంప పోయిన. పెట్టె బస్సు మీదికి ఎక్కిచ్చి, నిన్ను నా చేతులకెంచి గుంజుకున్నడు. కండక్టరు సీటీ ఊదుతుండు, బస్సు హారన్ కొడుతుంది, ఈయన పిలగాన్ని ఇయ్యడు. కుడిచేత నిన్ను అదుముకుని, నవ్వుకుంట, నాకు సెలూట్ కొట్టిండు. ఎడమచేత్తోని. నాకు మస్తు కోపమచ్చింది. పోయే యాళ్ళకు ఎడమచేతి దండమేంది, అశుభం గాదా అని ఒర్రిన. 'కుడిచెయ్యి ఖాళీ లేదు గదనే' అన్నడు. గంతే. నిన్ను నా చేతుల పెట్టి బస్సెక్కిండు. గదే ఆఖరి మాట."

ఎడమచేత్తో అన్నం వడ్డించినా, ఎవరికైనా ఏదైనా ఇచ్చినా చేతి మీద ఒకటి తగిలే ఇళ్ళలో పుట్టినవాళ్ళం మేమంతా. సాగనంపేటప్పుడు భర్తతో 'అశుభం' అన్న మాట ఆమెకు ఎంత బరువో మాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

"నా నోటితోని నేనే అశుభం అంటిని, అందుకే తిరిగి రాలే అనుకున్న. ఇన్నేండ్లు ఎవలికి చెప్పలే" అంది గంగవ్వ. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ బొమ్మ వైపు చూసింది. "గిప్పుడు సూస్తే ఏం అశుభం ఉన్నది? ఎంత మంచిగున్నడు! నువ్వు తప్పు నెయ్యలే బిడ్డా. మీ బాపు గిట్లనే ఉండె. ఆ కుడిచేతుల నువ్వుంటివి."

రఘుపతి తన రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరున ఏడ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, తల సగం నెరిసినవాడు. వజ్రమ్మ కత్తెర పక్కన పెట్టి అతని వీపు నిమిరింది, మాట్లాడకుండా. ఆమె మాట్లాడకపోవడం కూడా నేను చూడటం అదే మొదలు. నేను ఏడ్వలేదని చెబితే అబద్ధం.

ముందు తేరుకున్నది జమునే. "మరి చిన్నపిలగాడు ఏడి? బొమ్మల కుడిచెయ్యి ఖాళీగ ఉన్నది. నేను రంగుతోని ఏస్త కాకా" అంది.

"వద్దు బిడ్డా" అన్నాడు రఘుపతి. ఎందుకు వద్దో చెప్పలేదు.

పదహారో తేదీ పొద్దున బడి వాకిట్లో షామియానా వేశాం. పిల్లలంతా మాస్కులతో, ఎడం ఎడంగా కూర్చున్నారు. గంగవ్వకు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేశాం. గోడకు బట్ట కట్టగానే భుజంగరావు గారు చెమటలు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "ఇదేమిటండీ, ఎడం చెయ్యి! వచ్చేవారు మిలటరీవారు!" అన్నారు. "అది అంతే సార్, కుడిచెయ్యి ఖాళీ లేదు" అన్నాను. పాపం ఆయనకేమీ అర్థం కాలేదు. అతిథులు గేటు దగ్గరికి వచ్చేస్తుంటే అటు పరుగెత్తారు.

అతిథి పక్కనున్న డిండోలీలో ఉండే రిటైర్డు సుబేదారు, మరాఠీ ఆయన. కోటుకు పతకాలు, నిటారు మనిషి. పిల్లలు కవిత చదివారు, నేను హిందీలో చెప్పాను. బర్రె దగ్గర ఆయన మాస్కులోంచే గట్టిగా నవ్వారు, బూట్ల దగ్గర నవ్వు ఆపి తల దించుకున్నారు. తర్వాత లేచి, బొమ్మలన్నీ చూసుకుంటూ, ఆ బట్ట ముందుకొచ్చి ఆగారు. చాలాసేపు చూశారు.

"యే ఉల్టా హాథ్ క్యోఁ?" అన్నారు.

ఎడమచెయ్యి ఎందుకని కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగారు. భుజంగరావు గారు నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపు వెనక వరసలోంచి రఘుపతి లేచాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. సభల్లో ఎన్నడూ మూల వదలని మనిషి, అందరి మధ్య నుంచి నడిచి వచ్చి, ఆ బట్టకు ఆనుకుని, సిపాయి కుడిచెయ్యి ఉన్న వైపున నిలబడి, మాస్కు కిందికి లాగాడు.

"సాబ్, సీధే హాథ్ మే మై థా" అన్నాడు, కుడిచేతిలో తానున్నానని.

సుబేదారు గారు అతన్ని చూశారు, బొమ్మను చూశారు. రెండు గడ్డాలూ ఒకటే. ఆయనకు ఇంకేమీ చెప్పాల్సిన పని పడలేదు. రెండడుగులు వెనక్కి వేసి, మడమలు కలిపి, తండ్రికీ కొడుక్కీ కలిపి సెల్యూట్ కొట్టారు. ఎవరూ లెమ్మనకుండానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఇరవై ఏళ్ళ నా నౌకరీలో అంత గర్వం నేను ఎన్నడూ పడలేదు. నా పిల్లలు, నా బడి, నా మనుషులు అని గొంతెత్తి అరవాలనిపించింది.

రఘుపతికి ఏం చేయాలో తెలియలేదు. ముప్పై ఏళ్ళు గ్రాఫ్ కాగితం మీదికి వంగిన వీపు, అలాగే వంగి, బెదిరిన మొహంతో నిలబడిపోయాడు. ముందు వరస కుర్చీలోంచి గంగవ్వ గట్టిగా అంది.

"సక్కగ నిలవడు బిడ్డా. మీ బాపు ఎత్తుకున్నడు నిన్ను."

రఘుపతి వీపు నిటారుగా చేసి, తల ఎత్తి నిలబడ్డాడు.